ఏడొద్దుల సద్దులు, తొమ్మిదొద్దుల సద్దులు

తిరిగి పుణె వచ్చి రెండు రోజులైంది, బ్యాగులు ఇంక పూర్తిగ విప్పలే, బిడ్డ వేళ్ళకు అంటిన గునుగు పూల రంగు ఇంక పోలే. ఈ ఏడు బతుకమ్మ సంగతులు మర్చిపోకముందే రాసి పెట్టుకుందామని కూసున్న.

నా పుట్టిల్లు హనుమకొండ, అత్తగారిల్లు వేములవాడ. మా దిక్కు వాళ్ళకు ఈ రెండు ఊర్ల పేర్లు చెప్తే చాలు, సంగతి అర్థమైతది. అంతటా బతుకమ్మ పండుగ ఆఖరు రోజైన సద్దుల బతుకమ్మను తొమ్మిదో నాడు ఆడుతరు, వేములవాడలో మాత్రం ఏడో నాడే ఆడేస్తరు. అంటే నా లెక్క పుట్టిల్లొక చోట, మెట్టినిల్లొక చోట ఉన్నామెకు ఒకే ఏడు రెండు సద్దులు ఆడే భాగ్యం ఉంటదన్నట్టు. పెండ్లయి పద్నాలుగేండ్లైంది, ఒక్క ఏడు కూడ నేను రెండూ ఆడలే. ఒకసారి సెలవు దొరకలే, ఒకసారి చంటిపిల్ల, ఒకసారి కరోనా, ఇట్లనే గడిచిపోయినయి. మా బిడ్డకు పన్నెండేండ్లొచ్చినయి, దానికి తెలిసిన బతుకమ్మ అంటే మా సొసైటీ క్లబ్‌హౌజ్ ముందర బజారు బంతిపూలతోని పేర్చిన చిన్న గుట్ట, దాని పక్కన స్పీకరు. ఈసారి, 2024లో, ఏదైతే అదైందని ఇద్దరం బయల్దేరినం.

అక్టోబర్ 6, ఆదివారం, హనుమకొండ, అట్ల బతుకమ్మ

ఇంట్లకు పోయి కాళ్ళు కడుక్కున్ననో లేదో అమ్మ చేతిలో సంచి పెట్టి పూలకు పంపింది. చౌరస్తా దగ్గర రోడ్డు పొంటి పల్లెల నుంచి వచ్చిన ఆడోళ్ళు గోనె పట్టాల మీద పూలు పోసుకుని కూసున్నరు. తంగేడు కట్ట ముప్పై రూపాయలు, గునుగు కట్ట ఇరవై, బంతి కిలో వంద. నా చిన్నప్పుడు తంగేడును ఎవరన్న కొంటరా అసలు, కాలనీ వెనక బీడులోకి పోతే ఒడి నిండ తెచ్చుకునేటోళ్ళం. ఇప్పుడు ఆ బీడు లేదు, అన్నీ ప్లాట్లే. అలవాటుగ బేరం ఆడబోయిన, ఆ ముసలామె నా మొఖం చూసి "బిడ్డా, చీకటితోని లేసి కోసిన, చేతులు చూడు" అని రెండు అరచేతులు చాపింది. గీతల నిండ పసర. ఇంకేం మాట్లాడుత, అడిగినన్ని ఇచ్చిన. ఆమె పైనుంచి ఒక గుప్పెడు కట్లపూలు కొసరు వేసింది, నీలం రంగువి, వాటికి పైసలు తీసుకోలే.

అయిదో నాడు కాబట్టి నైవేద్యం అట్లు. ఒక్కో నాటికి ఒక్కో నైవేద్యం, పేర్లు కూడ వాటివే. మొదటి నాడు ఎంగిలిపూలు, తర్వాత అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, ఆరో నాడు అలిగిన బతుకమ్మ, మళ్ళ వేపకాయలు, వెన్నముద్దలు, ఆఖరుకు సద్దులు. బిడ్డ వీటిని పొయ్యి పక్కన నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నది. ఎంగిలిపూలు అంటే ఏంది అని అడిగితే అమ్మ అన్నది, భాద్రపద అమావాస్య నాటికి ముందే పూలు కోసి నీళ్ళు చల్లి పెట్టుకుంటరు, రాత్రి నిద్ర చేసిన పూలు గదా అందుకని ఎంగిలి అంటరు. ఇంకో మాట కూడ అంటరంట, కాడలను నోటితో తుంచేటోళ్ళు కాబట్టి అని. అమ్మ రెండూ చెప్పింది, ఏది నిజమో తేల్చలే.

సాయంత్రం వేయిస్తంభాల గుడి. ఎంగిలిపూల నాడు హనుమకొండ ఆడోళ్ళంతా ఇక్కడికే వస్తరు, ఆ రోజు ఇసుకేస్తే రాలదు, నేను దాన్ని పోగొట్టుకున్న. అయిదో నాడు జనం కొంచెం పల్చగనే ఉన్నరు, కాని అదే మంచిదైంది, గుడిని బిడ్డకు నెమ్మదిగ చూపించిన. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, శివుడు, విష్ణువు, సూర్యుడు మూడు దిక్కుల. నేను స్కూల్లో ఉన్నప్పుడు చూసిన కల్యాణ మండపాన్ని తర్వాత విప్పేసి రాళ్ళన్నీ పక్కన పేర్చి పెట్టిన్రు, ఎప్పుడొచ్చినా ఆ రాళ్ళను చూసి కడుపు తరుక్కుపోయేది. 2024 మార్చి 8న శివరాత్రి నాడు మళ్ళ తెరిచిన్రు. అంటే నిలబడ్డ మండపాన్ని నేను ఇన్నేండ్ల తర్వాత ఇప్పుడే చూస్తున్న. ఒక స్తంభం మీద చెయ్యి పెట్టి కొంచెంసేపు అట్లనే ఉండిపోయిన.

బతుకమ్మలను మధ్యలో పెట్టి చుట్టూ తిరుగుడు మొదలైంది. ఒకామె పాట ఎత్తుకుంటది, మిగతావాళ్ళు ఉయ్యాలో అని అందుకుంటరు. పాటల్లో అన్నీ ఉంటయి, రామాయణం ఉంటది, అత్తగారింట్ల ఎట్ల మసులుకోవాలె అనేది ఉంటది, నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న ధర్మాంగద రాజుకు, సత్యవతికి లక్ష్మీదేవి బిడ్డయి పుడితే నిండు నూరేండ్లు బతుకమ్మా అని దీవించిన కథ ఉంటది. అడుగు తేలికగ కనిపిస్తది కాని కాదు. ముందుకు వంగి చప్పట్లు, లేస్తూ ఒక అడుగు పక్కకు, మళ్ళ వంగుడు. బిడ్డ మొదట్ల ప్రతిసారి తప్పు కాలు వేసింది, పక్కనున్న తెలియని ఆంటీ దాని భుజం పట్టుకుని రెండు చుట్లు తనతోపాటు తిప్పింది, మూడో చుట్టుకు కుదిరింది.

అంతలోనే గుడి బయట ఎవరో డీజే పెట్టిన్రు. లోపల పాట చెప్తున్న పెద్దామె గొంతు వినపడుడు బందైంది. ఆమె ఇంకా రెండు చరణాలు చెప్పి ఆపేసి కొంగుతోని చెమట తుడుచుకున్నది. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగనే చెప్త, బతుకమ్మకు డీజే వద్దు. పుస్తకం చూడకుండ వంద చరణాలు చెప్పే ఆడోళ్ళు ఇంకా మన మధ్యన ఉన్నరు, వాళ్ళ నోరు మూయించి మనం వినేది ఏముంది.

అక్టోబర్ 7, సోమవారం, కరీంనగర్ దారి, అలిగిన బతుకమ్మ

ఆరో నాడు బతుకమ్మ పేర్చరు. ఎప్పుడో పేరుస్తుంటే మాంసం ముద్ద తగిలి అమ్మ అలిగిందని చెప్తరు, అర్రెం అని కూడ అంటరు. అందుకని ఈ రోజు ఆట లేదు, నైవేద్యం లేదు. వేములవాడకు పోవడానికి మంచి దినం.

బస్సులో ఆడోళ్ళకు జీరో టికెట్, అంటే పైసలు లేని టికెట్. కండక్టరు ఆధార్ అడిగిండు, నాది పుణె అడ్రస్ కదా, చెల్లదన్నడు. నిజమే, తెలంగాణ వాళ్ళకే అది. నాకు, బిడ్డకు టికెట్ కొన్న, పక్కన కూసున్న అవ్వ మాత్రం "గీడ పుట్టిన పిల్లకు టికెట్ ఏందయ్యా" అని హుజూరాబాద్ దాకా కండక్టరుతోని వాదించింది. దిగేటప్పుడు నా చేతిలో రెండు సీతాఫలాలు పెట్టి పోయింది. 

కరీంనగర్‌కు మా బావ కారు తీసుకుని వచ్చిండు. వేములవాడ ఇంకో ముప్పై అయిదు కిలోమీటర్లు. అత్తమ్మ ఫోన్లో ఒకటే మాట, తంగేడు తక్కువున్నది, దారిలో ఎక్కడన్న కనపడితే తెండి. గునుగు అమ్మ కట్టి ఇచ్చింది కాని తంగేడు వాడిపోతదని ఇయ్యలే. సరే అని రోడ్డు పక్కకు చూసుకుంట పోతున్నం, పసుపు కనపడితే ఆపుడు, తీరా చూస్తే ఏదో గడ్డిపువ్వు. ఒక చోట గుట్ట దిక్కు పసుపు కనిపించిందని బావ ఎడమకు తిప్పిండు, ఆ మట్టిరోడ్డు ఎటో తిరిగి తిరిగి ఒక కాలనీలో తేలింది. ఒకే తీరు గల్లీలు, కొత్త ఇండ్లు, పెద్ద చెట్లు లేవు. మిడ్ మానేరు ముంపు ఊర్ల వాళ్ళను తెచ్చి పెట్టిన కాలనీ అది. కొదురుపాక, రుద్రవరం, చింతల్‌ఠాణా లాంటి ఊర్లు ఆ నీళ్ళ కిందికి పోయినయి, ఆ సంగతి పేపర్లో చదివిన కాని ఆ మనుషుల వాకిట్ల నిలబడుడు ఇదే మొదలు.

ఒక ఇంటి అరుగు మీద ముగ్గురు ఆడోళ్ళు గునుగుకు రంగులు అద్దుతున్నరు. రేపటికని. దారి అడిగితే దారి చెప్పకముందే నీళ్ళిచ్చిన్రు, కూసోమన్నరు. తంగేడు కోసం తిరుగుతున్నమంటే అందులో పెద్దామె చెప్పులేసుకుని లేసింది, "నడువుండ్రి, నేను సూపిస్త" అని. కాలనీ వెనక రాళ్ళ గుట్ట, దాని అంచుకు తంగేడు పొదలు, విరగబూసినయి. నేను ఆత్రంగ ఒక కొమ్మ ఇరిచిన. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "మొగ్గలున్న కొమ్మ ఇరువద్దు బిడ్డా, విచ్చిన గుత్తి గిల్లుకో. రేపు ఇంకొకలు వస్తరు." తర్వాత మా బిడ్డకు చూపించింది, కాడను గోటితోని ఎక్కడ నొక్కాలె, ఎంత పొడుగు ఉంచాలె అని.

కోసుకుంట కోసుకుంట నేను అడిగిన, మరి ఇక్కడ చెరువు లేదు గదా అవ్వా, బతుకమ్మను ఎక్కడ వేస్తరు అని. ఆమె దూరంగ మెరుస్తున్న నీళ్ళ దిక్కు చెయ్యి చూపించింది. "గదే మా ఊరు. ఊరు కింద ఉన్నది, నీళ్ళు మీద ఉన్నయి. ట్రాక్టరు ఎక్కి పోతం, మా ఊరి మీదనే వేస్తం." మామూలుగనే చెప్పింది. నాకే గొంతు పట్టుకుపోయింది. పూలకు పైసలిస్తే తీసుకోలే, అమ్మోరి పూలకు పైసలేంది అన్నది. సీతాఫలాలు రెండూ ఆమె ఒడిలో పెట్టి వచ్చిన.

అక్టోబర్ 8, మంగళవారం, వేములవాడ, ఏడొద్దుల సద్దులు

తెల్లారి లేసేటప్పటికే ఇంట్ల చింతపండు పులుసు ఉడుకుతున్న వాసన. సద్దులంటే అన్నాలే. పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, ఇంక మలీద. మలీద మా యారాలు చేసింది, వేడి వేడి రొట్టెలను చేత్తోని నలిపి బెల్లం, నెయ్యి వేసి ముద్దలు కడతరు. వేళ్ళు కాలుతయి కాని చల్లారితే రొట్టె నలగదు, అందుకని ఓర్చుకోవాలె.

పొద్దున బావ మమ్మల్ని రాజన్న గుడికి తీసుకుపోయిండు. ధర్మగుండం మెట్ల మీద స్నానాలు, కోడెలను పట్టుకుని గుడి చుట్టూ తిరిగే వాళ్ళు, లోపలనే ఒక దర్గా, అక్కడ కూడ మొక్కేటోళ్ళు. కోడె మొక్కు చూసి బిడ్డ మొదట భయపడ్డది, తర్వాత ఒక కోడె నుదురు తాకి వచ్చింది. వచ్చేటప్పుడు భీమేశ్వరాలయం దగ్గర బావ ఒక కథ చెప్పిండు, ఇక్కడి పెద్దలు చెప్పుకునేదే. చోళ రాజుల సైన్యం వచ్చి ఇక్కడి గుడిని కొల్లగొట్టి శివలింగాన్ని తంజావూరుకు పట్టుకుపోయిందంట, అయ్య పోయినంక ఒంటరిదైన అమ్మను ఓదార్చడానికి ఇక్కడి జనం పూలను గుట్టలెక్క పేర్చి పాడిన్రంట, బృహదమ్మ అన్నదే బతుకమ్మ అయిందంట. బతుకమ్మ ఎట్ల పుట్టిందో చెప్పే కథలు చానా ఉన్నయి, ఇది అందులో ఒకటి. కాని ఆ ఊర్లో, ఆ గుడి నీడలో నిలబడి వింటే మనసుకు పట్టింది.

పేర్చుడు మధ్యాహ్నం. ఇక్కడ నేను కొంచెం వివరంగ రాస్త, ఎందుకంటే నా కండ్ల ముందర అత్తమ్మ చేతులే ఉన్నయి ఇంకా. ఇత్తడి తాంబాళంలో ముందు ఆముదపు ఆకులు పరిచింది (మా అమ్మ అయితే గుమ్మడి ఆకులు వేస్తది). తంగేడు గుత్తులను కాడలు లోపలికి, పూలు బయటికి వచ్చేటట్టు గుండ్రంగ పెట్టుకుంట పోయింది. మొదటి వరుస తంగేడే ఉండాలె, అది ఆమె పట్టు. దాని మీద గునుగు. గునుగును ముందే తలలు సమానంగ కత్తిరించి, చిన్న చిన్న కట్టలు కట్టి, రంగు నీళ్ళలో ముంచి ఆరబెట్టి ఉంచిన్రు, ఎరుపు, పచ్చ, నీలం, కొన్ని తెల్లగనే వదిలిపెట్టిన్రు. ఒక వరుస కాంగనే మధ్యలో ఖాళీని తుంచిన కాడలు, ఆకులతోని నింపి అరచేత్తోని గట్టిగ ఒత్తుతది. ఆ ఒత్తుడులోనే ఉన్నదంత. లోపల గట్టిగ లేకుంటే నాలుగో వరుసకు పక్కకు ఒరుగుతది. వరుస వరుసకు ఒక వేలెడు లోపలికి జరపాలె, ఎక్కువ జరిపితే పొట్టిగ ఆగిపోతది, తక్కువ జరిపితే గోపురం రాదు.

మా బిడ్డకు పిల్ల బతుకమ్మ ఇచ్చిన్రు, తల్లి బతుకమ్మ పక్కన పెట్టే చిన్నది. మూడుసార్లు కూలింది. నాలుగోసారి వాళ్ళ బాపమ్మ, అంటే మా అత్తమ్మ, దాని చేతి మీద తన చెయ్యి పెట్టి ఒత్తింది, ఎంత బలం పెట్టాలెనో అది మాటల్లో చెప్పేది కాదు మరి. నిలబడ్డది. పైన గుమ్మడి పువ్వు, తమలపాకులో పసుపు ముద్దతోని చేసిన గౌరమ్మ, అగరుబత్తీలు. పంతులు లేడు, మంత్రం లేదు. గౌరమ్మను చేసేది ఆడోళ్ళే, పెట్టేది వాళ్ళే, పాటే పూజ.

పేర్చుకుంటనే అత్తమ్మను అడిగిన, ఎందుకు మన ఊర్లో ఏడొద్దులకే చేస్తరు అని. పద్నాలుగేండ్ల సంది కోడలిని, ఇప్పటిదాక అడగనే లేదు. "కోడండ్లు ఈడ ఆడి తల్లిగారింటికి పోవద్దా మరి, అక్కడ తల్లి ఎదురుచూడదా" అన్నది. పెద్దలు చెప్పేది అదే, ఆడబిడ్డలు రెండిండ్లల్ల ఆడాలెనని ఇట్ల పెట్టిన్రని. పండుగ తేదీని ఆడోళ్ళ రాకపోకలను బట్టి పెట్టుకున్న ఊరు. నేను ఇన్నేండ్లు దాన్ని వేములవాడోళ్ళ వింత పద్ధతి అనుకున్న, అది నా కోసం పెట్టిన పద్ధతి అని తట్టలే.

అత్తమ్మ కట్టుకున్న చీర సర్కారు పంచిన బతుకమ్మ చీర, 2017 నుంచి కొన్నేండ్లు ఇచ్చిన్రు కదా, సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినవి. ఆమె అన్నదమ్ముల ఇండ్లల్ల కూడ సాంచెలు, అంటే ఆ మరమగ్గాలే, ఉన్నయి, అందుకని ఆ చీర మీద ఎవరన్న మాట అంటే ఊరుకోదు. పట్టుచీర పెట్టెలో ఉన్నా అదే కట్టుకున్నది.

చీకటి పడుతుంటే గల్లీల నుంచి ఒక్కొక్క తాంబాళం తలమీద పెట్టుకుని బయటికి రావుడు మొదలైంది. ఒకటి, రెండు, పది, ఇంక లెక్క లేదు. మా వాకిలి ముందు ఆడుతుంటే పక్కింటి ఆడబిడ్డ పరిచయమైంది, సోలాపూర్‌లో ఉంటదంట, నేతపని కోసం వాళ్ళ మామగారి తాతల కాలంలోనే అటు పోయిన్రంట. పుణెలో తంగేడు దొరకదు అక్కా, బంతితోనే పేరుస్త అని నేను అంటే ఆమె నా దిక్కు వింతగ చూసింది. "దొరకదు అని ఎవరన్నరు? తరవడ్ అని అడుగు. మా దిక్కు బీడుల నిండ అదే." తరవడ్. ఆ పేరు నేను ఫోన్లో రాసుకున్న.

మూలవాగు దగ్గరికి పోయేటప్పటికి తొమ్మిదైంది. తాంబాళంతో సహా నీళ్ళలో దిగి, కిందినుంచి తాంబాళాన్ని జారవిడిస్తే బతుకమ్మ నీళ్ళ మీద నిలుస్తది, చేత్తోని నీళ్ళు నెడితే మెల్లగ పోతది. బిడ్డ తన చిన్నదాన్ని వదలడానికి చానాసేపు ఒప్పుకోలే. వాళ్ళ బాపమ్మ ఏమీ అనలే, పక్కన నీళ్ళలో నిలబడే ఉన్నది. ఆఖరుకు అదే వదిలింది. తర్వాత గౌరమ్మ పసుపు పుస్తెలకు రాసుకున్నం, వాయినాలు. ఇస్తినమ్మ వాయినం అంటే పుచ్చుకుంటినమ్మ వాయినం, ముక్కుమొఖం తెలియని వాళ్ళతోని కూడ. ఒడ్డు మీదనే కూసుని సద్దులు తిన్నం. నువ్వుల సద్ది అంత రుచి నేను ఇంతకుముందు ఎరగ.

అక్టోబర్ 9, బుధవారం, మళ్ళ హనుమకొండ, వెన్నముద్దలు

అత్తమ్మ ఒడిబియ్యం పోసి పంపింది, డబ్బాలో మలీద పెట్టి "మీ అమ్మకు ఇయ్యి" అన్నది. అమ్మ దాన్ని మూత తీసి వాసన చూసి, బెల్లం కొంచెం ఎక్కువైందన్నది, కాని రెండు ముద్దలు తిన్నది. మాకోసం ముందు రోజు వేపకాయలు దాచి పెట్టింది. బియ్యప్పిండిని వేపకాయల్లెక్క చేసి నూనెలో వేయిస్తరు, కరకరలాడుతయి. ఆ రోజు నైవేద్యం నువ్వులు, బెల్లం, వెన్న కలిపిన ముద్దలు.

భద్రకాళి గుడికి పోయినం, శరన్నవరాత్రులు కదా, లైను చెరువు గట్టు దాక ఉన్నది. రెండు గంటలు నిలబడ్డం. అక్కడ అమ్మవారికి అర్చకులు, అలంకారాలు, ఆరతులు. గుడిల మనం చేతులు జోడించి చూస్తం, బతుకమ్మను మనమే చేసి మనమే సాగనంపుతం. రెండూ ఒక్క అమ్మే. బిడ్డ లైనులో నన్ను అడిగింది, నీళ్ళలో వేసిన అమ్మ మళ్ళ ఎక్కడికి పోతది అని. మా అమ్మ జవాబు చెప్పింది, "పూలు కుళ్ళి నీళ్ళల్ల కలుస్తయి, నీళ్ళు చేనుకు పోతయి, చేన్ల మళ్ళ గునుగు మొలుస్తది." అంతే చెప్పింది.

అక్టోబర్ 10, గురువారం, పద్మాక్షి గుండం, సద్దుల బతుకమ్మ

రేట్లు ముందుగ చెప్త, ఎవరికన్న పనికొస్తయి. నాలుగు రోజుల కింద ముప్పై ఉన్న తంగేడు కట్ట ఎనభై. బంతి కిలో నూటయాభై. మామూలు రోజు అరవై తీసుకునే ఆటో రెండు వందలు, అది కూడ గుండం దాక రాదు, ట్రాఫిక్ మళ్ళించిన్రు.

అమ్మ బతుకమ్మ ఈసారి నడుం ఎత్తు పేర్చింది. నేను, బిడ్డ, అమ్మ ముగ్గురం కూసున్నం. బిడ్డ లోపల నింపి ఒత్తే పని తీసుకున్నది, వేరే ఎవరినీ ముట్టనియ్యలే. మా అమ్మ చూసి "ఎవరు నేర్పిన్రే" అన్నది. "బాపమ్మ." అమ్మ ఇంకేం అనలే, కాని మొదటి వరుసకు గుమ్మడి ఆకులతోపాటు రెండు ఆముదపు ఆకులు కూడ పెట్టింది.

ఆటోలో నేను పట్టుకుని కూసున్న, అయినా ఒక గుంతలో పడంగనే పైన మూడు వరుసలు జారి నా ఒళ్ళో పడ్డయి. అమ్మ మొఖం చూడలేకపోయిన. ఆటో ఆయన వెంటనే పక్కకు ఆపిండు, దిగి రోడ్డు మీద పడిన గునుగు ఏరి ఇచ్చిండు, కిరాయి లేటు అయితదని ఒక్క మాట అనలే. అక్కడ ఒక ఇంటి ముందు బతుకమ్మలు ఆడుతున్నరు, మమ్మల్ని చూసి నలుగురు ఆడోళ్ళు వచ్చిన్రు, ఒకామె తన ఇంట్ల మిగిలిన బంతి పట్టుకొచ్చింది, ఇంకొకామె సూది దారం. రోడ్డు మీద, ఆటో సీటు మీద పెట్టి పావుగంటలో మళ్ళ నిలబెట్టిన్రు. పైన గుమ్మడి పువ్వు నలిగిపోయింది, వాళ్ళ బతుకమ్మ మీదిది తీసి మా దానికి పెట్టిన్రు. వద్దన్నా వినలే.

పద్మాక్షి గుట్ట చూడనోళ్ళ కోసం చెప్త. రాతి గుట్ట, పైన అమ్మవారి గుడి, గోడలకు తీర్థంకరుల బొమ్మలు. ఒకప్పుడు ఇది జైనుల బసది, 1117 నాటి శాసనంలో రెండో ప్రోలరాజు దగ్గరి మంత్రి బేతన భార్య మైలమ కట్టించినట్టు ఉంటది. తొమ్మిది వందల ఏండ్ల కింద ఒక ఆడామె కట్టించిన గుడి, గుట్ట కింద గుండం, దాని చుట్టూ ఇప్పుడు వేలమంది ఆడోళ్ళు. గుట్ట మీదికి సగం ఎక్కి కిందికి చూసినం, చీకట్ల లైట్ల కింద గుండ్రం గుండ్రంగ తిరుగుతున్న గుంపులు, ఏ గుంపు పాట దానిదే, పైకి వచ్చేటప్పటికి అన్నీ కలిసి ఒకటే ఉయ్యాలో వినపడ్డది. ఇక్కడ కూడ ఒక మూలకు డీజే ఉన్నది కాని గుట్ట మీదికి అది చేరలే.

అమ్మ పాట ఎత్తుకున్నది. నాకు తెలియదు మా అమ్మకు ఇంత పెద్ద పాట వచ్చని. ఇంట్ల ఎప్పుడూ పాడదు. చుట్టూ ఉన్నవాళ్ళు అందుకున్నరు, మేము ఎవరమో వాళ్ళకు తెలియదు, అరగంట సేపు నడిపించింది. మధ్యలో ఒక చరణం మర్చిపోతే ఎదురుగ ఉన్నామె అందించింది. నీళ్ళలో వేసేటప్పుడు బిడ్డ ఈసారి ఆలస్యం చెయ్యలే, ముందు తనే దిగింది, వాళ్ళ అమ్మమ్మకు చెయ్యి ఇచ్చి మెట్టు దింపింది.

అక్టోబర్ 14, సోమవారం, తిరుగు దారి

దసరా నాడు జమ్మి పెట్టి, పాలపిట్టను చూసి, మటన్ తిని, మరునాడు బస్సెక్కినం. తెల్లారేటప్పటికి ఇందాపూర్ దాటినం. ఒక చాయ్ హోటల్ దగ్గర బస్సు ఆపిండు. బిడ్డ కిటికీలోంచి చూసి నన్ను లేపింది. హోటల్ వెనక రాళ్ళ నేల, దాని నిండ పసుపు. దిగి ఉరికినట్టే పోయినం. అదే ఆకు, అవే గుత్తులు. హోటలాయనను ఇదేంది అని అడిగితే తరవడ్ అన్నడు, పనికిరాని చెట్టే గదా అన్నట్టు చెయ్యి ఊపిండు. పదకొండేండ్లుగ ఈ రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగిన్ననో, ఒక్కసారి కూడ కిటికీలోంచి చూడలే.

డ్రైవరు హారన్ కొడుతున్నడు. తొందరలో చేతికి అందిన కొమ్మను ఇరవబోయిన. బిడ్డ నా చెయ్యి పట్టుకున్నది.

"అది వద్దు మమ్మీ, దానికి మొగ్గలున్నయి" అని, పక్క గుత్తిని గోటితోని గిల్లి నా చేతిలో పెట్టింది.